"ఇప్పుడెందుకులే" అనే నాన్నగారిని గడప దాటించడం ఎలా?

పుణేలో ఉద్యోగం చేస్తున్న ఒకబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారికి 71, అమ్మగారికి 66. బరంపురంలో ఇద్దరే ఉంటారు. ఆయన ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, నాలుగేళ్లుగా ఇల్లు కదలడం లేదు. కొడుకు కాశీ ప్యాకేజీకి డబ్బు కడితే బయల్దేరే వారం ముందు రానన్నారు. ఏమడిగినా "ఇప్పుడెందుకులే, అయిపోయింది" అంటున్నారు. వాళ్లని నాలుగు చోట్లకి తిప్పడం, పండగల్లో కలపడం, ఉత్సాహంగా ఉంచడం ఎలాగని అడుగుతున్నారు.

బాబూ, జవాబు ముందే చెప్పేస్తాను. దూరం తగ్గించండి, తారీకు ఖాయం చేయండి, ఆయన చేతికో పని ఇవ్వండి. కాశీ తరవాత సంగతి. ముందు పొద్దున్నే వెళ్లి దీపాల వేళకి ఇంటికొచ్చేసే ప్రయాణం ఒకటి పెట్టండి. అది కూడా "ఎక్కడికెళ్దాం నాన్నా" అని అడిగి కాదు. అలా అడిగితే ఈ వయసులో వచ్చే జవాబు ఒక్కటే, అది మీరు ఇప్పటికే విన్నారు. "వచ్చే ఆదివారం చిలిక సరస్సు ఒడ్డున రంభ వెళ్తున్నాం, వ్యాన్‌లో పదముగ్గురం, మీరు టిఫిన్ల లెక్క చూడాలి" అనండి. పని అప్పజెప్తే కాదనడానికి ఆయనకి మొహమాటం అడ్డొస్తుంది. ఉద్యోగం చేసినవాళ్లకి మరీను.

నా సంగతి చెప్పాలి కదా. నేను 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి 2014లో రిటైరయ్యాను. మీ అమ్మగారూ నాన్నగారూ ఉండే ఊరే నాదీ. రిటైరైన మరుసటి ఏడాది నుంచి మా వీధిలో పెద్దవాళ్లని పోగేసి చిన్న చిన్న ప్రయాణాలు తీసుకెళ్తున్నాను. ఇప్పటికి నలభై దాటాయి. అందరికన్నా పెద్దాయనకి 86. వ్యాపారం కాదు, ఖర్చు అందరం పంచుకుంటాం. ఇప్పటికీ అందరూ నన్ను "సిస్టరమ్మ" అనే అంటారు.

"రాను" అన్న మాట వెనక ఇంకో మాట ఉంటుంది. అది కనుక్కోండి. నా అనుభవంలో పెద్దవాళ్లు ప్రయాణం వద్దనేది విరక్తితో కాదు, బాత్రూం భయంతో. నవ్వకండి. మా గుంపులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారున్నారు. మూడుసార్లు పిలిచాను, మూడుసార్లూ "నాకు ఆసక్తి లేదమ్మా" అన్నారు, అదీ గ్రాంథికంలో. నాలుగోసారి వాళ్లావిడ వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పారు: "వారికి ముప్పావు గంటకోపాలి వెళ్లాలమ్మా. వ్యాన్‌లో ఆపమని అడగడానికి సిగ్గు." అంతే. ప్రోస్టేటు. డాక్టరుకి చూపిస్తే మందులతో సగం తగ్గింది. మిగతా సగానికి నేను గంటకోసారి పెట్రోలు బంకు దగ్గర వ్యాన్ ఆపించడం మొదలుపెట్టాను, ఎవరు అడిగినా అడక్కపోయినా. ఆగగానే మొదట దిగేది నేనే. దాంతో ఎవరికీ సిగ్గు లేదు. ఆయన ఇప్పుడు మా జాబితా రాసే మనిషి. ఎవరి ఫోను నంబరు, ఎవరికి షుగరు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ ఆ ఎర్ర అట్ట నోటుబుక్కులోనే ఉంటాయి.

ఇంకో దారుణం కూడా చేస్తారు. ప్రయాణం రోజు నీళ్లు తాగరు. తాగకపోతే వెళ్లక్కర్లేదని లెక్క. మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి, ఇక మరోసారి రారు. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) వేసుకునేవాళ్లయితే ఆ మాత్ర ఏ వేళకి వేసుకోవచ్చో డాక్టర్ని ముందే అడగండి. సొంతంగా మానేయడం మాత్రం వద్దు.

అమ్మగారి విషయంలో చెవులు చూపించండి. వినపడని మనిషి నలుగురిలో కూర్చుని నవ్వలేక, ఏమన్నారని అడగలేక, మెల్లగా ఇంట్లోనే ఉండిపోతుంది. మనం దాన్ని "అమ్మ మౌనంగా మారిపోయింది" అనుకుంటాం. మోకాళ్లు సరే, అవి అందరికీ తెలిసినవే.

ఇవన్నీ చూశాక కూడా ఆయన తిండి తగ్గించి, నిద్ర లేక, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోక, రెండు వారాలు పైబడి అలాగే ఉంటే అది వయసు కాదు, జబ్బు. దానికి మందుంది. అప్పుడు టూర్లు కాదు, మానసిక వైద్యుడు ముందు. నేనిది నర్సుగా చెప్తున్నాను. "నాలుగు రోజులు తిప్పితే అదే పోతుంది" అని చుట్టాలు చెప్పే మాట వినకండి.

ఇక ఎక్కడికి? మన అదృష్టం ఏమిటంటే బరంపురం చుట్టూ గంటా రెండు గంటల్లో సముద్రముంది, సరస్సుంది, కొండుంది, వేడినీళ్ల ఊట కూడా ఉంది. గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. మొదటి ప్రయాణానికి అదే మంచిది. సాయంత్రం నాలుక్కి వెళ్లి ఏడుకల్లా ఇంట్లో ఉండొచ్చు. ఇసుకలో నడవలేనివాళ్లకి గట్టు మీద కూర్చోడానికి చోటుంది, ఒడ్డున జాలర్లు మన భాషే మాట్లాడతారు. మీ నాన్నగారు అక్కడ చేప ధర బేరమాడితే చాలు, సగం పని అయినట్టే.

తారాతారిణి కొండ గుడి దగ్గర నేనే ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. రెండో ప్రయాణం అది. పుణ్యం కలిసొస్తుందని చైత్రమాసం మంగళవారమే పెట్టాను. ఆ నెల మంగళవారాలు అక్కడ మేళా, జనం సముద్రంలా ఉంటారని నాకు తెలుసు, అయినా మనం పొద్దున్నే వెళ్తాం కదా అనుకున్నాను. తొమ్మిదింటికే ఎండ. రోప్‌వే దగ్గర క్యూ కదలదు. 999 మెట్లున్నాయి, ఇద్దరు ఆవేశపడి ఎక్కడం మొదలుపెట్టారు. వందో మెట్టో ఎంతో, ఒకామె కూలబడిపోయారు. చీర కొంగు తడిపి మెడ మీద వేసి, కాళ్లు ఎత్తిపెట్టి, కొబ్బరినీళ్లు పట్టించాను. తేరుకున్నారు. "దర్శనం కాకపోతే కాకపోయింది, నాకు కొబ్బరినీళ్లు ఇంకోటి ఇప్పించు సిస్టరమ్మా" అన్నారావిడ. అదే కొండకి డిసెంబరులో మామూలు బుధవారం వెళ్లాం. రోప్‌వేలో పైకెళ్లి, కింద ఋషికుల్య నది మెలికలు తిరుగుతుంటే చూస్తూ గంట కూర్చున్నాం. మేం తప్ప ఎవరూ లేరన్నంత ఖాళీ. పుణ్యదినాన పుణ్యక్షేత్రానికి పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. అమ్మవారు మిగతా రోజుల్లో కూడా అక్కడే ఉంటుంది.

తప్తపాణి వేడినీళ్లు మోకాళ్లకి మంచివని అందరూ ఎగబడతారు. ఒక్క జాగ్రత్త. షుగరు పాతబడినవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, నీళ్లెంత వేడో కాలికి తెలీదు. బొబ్బలెక్కాక చూసుకుంటారు. ముందు మోచేయి ముంచి చూడాలి, పసిపిల్లకి స్నానం పోసేటప్పుడు చూస్తామే, అలా. గుండె జబ్బున్నవాళ్లు మెడదాకా మునగడం వద్దు.

చిలికకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులొస్తాయి. మన వైపు నుంచి రంభ దగ్గర. పడవలో కూర్చోవడం కష్టం కాదు, పడవలోకి కాలు పెట్టడమే కష్టం. గట్టుకీ పడవకీ మధ్య జానెడు నీళ్లు ఊగుతుంటే అరవై దాటినవాళ్లకి గుండె జారిపోతుంది. నేను ఒక ముక్కాలిపీట పట్టుకెళ్తాను. ముందు ఒకరు దిగి రెండు చేతులూ పట్టుకోవాలి, భుజం పట్టుకోకూడదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఒకాయన "పెళ్లినాటి కోటు కూడా ఇంత బిగుతు లేదు" అంటే పడవ ఒడ్డు దాటేదాకా నవ్వులే.

మా వాళ్లకి అన్నిట్లోకీ బాగా గుర్తుండిపోయింది మాత్రం చంద్రగిరి. గజపతి జిల్లా కొండల్లో, జిరంగ్ దగ్గర. 1963 ప్రాంతంలో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకి అక్కడ చోటిచ్చారు. పెద్ద బౌద్ధ ఆరామం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. లోపల బుద్ధుడి ముందు అందరూ కాసేపు నిశ్శబ్దంగా కూర్చున్నారు, అదీ బాగుంది. కానీ నేను చెప్పేది బయట జరిగింది. అరుగు మీద ఒక టిబెటన్ ముసలావిడ చేతిలో ప్రార్థన చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. మా నేతగాళ్ల వీధి అమ్మగారొకరు వెళ్లి పక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒడియా, అదీ ఇద్దరిదీ వంకర ఒడియానే. ఈవిడ మోకాళ్లు చూపించింది, ఆవిడ మోకాళ్లు చూపించింది. ఈవిడ నలుగురు పిల్లలని వేళ్లు చూపించింది, ఆవిడ ఐదుగురని. వ్యాన్ హారన్ కొట్టినా మా వీధి ఆవిడ లేవలేదు. తిరుగు ప్రయాణమంతా "ఆవిడ పుట్టిన ఊరు మళ్లీ చూడనేలేదట" అని ఒకటే మాట. తన బాధలు ఆ రోజు ఒక్కటి కూడా చెప్పలేదు.

ఇటు దక్షిణానికి వస్తే అరసవల్లి, శ్రీకూర్మం ఒక రోజులో అవుతాయి. పర్లాకిమిడి వాళ్లకి శ్రీముఖలింగం ఇంకా దగ్గర. మహేంద్రగిరి నేను పెట్టను. 1501 మీటర్ల ఎత్తు, నా మోకాళ్లకి నచ్చదు. ఫిబ్రవరి, మార్చిలో ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలూ లక్షలూగా వచ్చి గుడ్లు పెడతాయి. రాత్రిపూట చూడాలి, టార్చి వేయకూడదు, దగ్గరికి పోకూడదు, అటవీ శాఖ వాళ్లు చెప్పినట్టు వినాలి. ఒక్కో ఏడాది రావు కూడా. ఒకసారి వెళ్లి ఉత్త ఇసుక చూసి వచ్చాం. అయినా పూరీ కూర తిని, ఆ వీధి కబుర్లు ఈ వీధి కబుర్లు చెప్పుకుని, అర్ధరాత్రి ఇంటికొచ్చాం. ఆ వయసులో అర్ధరాత్రి ఇంటికి రావడమే ఒక సంబరం అనుకోండి.

తారీకుల దగ్గర ఒక మాట. అక్టోబరులో డబ్బు కట్టే ప్రయాణాలు పెట్టకండి. మన తీరానికి అది తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి, మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే ఎండలు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి. నవంబరులో మాత్రం నాన్నగారి లైఫ్ సర్టిఫికెట్ పని ముందు ముగించండి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే అయిపోతోంది. లేకపోతే పడవలో కూర్చుని కూడా పింఛను గురించే ఆలోచిస్తారు.

పండగల సంగతికి వద్దాం. నన్నడిగితే ఊరి పండగ ఊరు దాటే ప్రయాణం కన్నా గొప్ప మందు. బరంపురంలో ఏడాది విడిచి ఏడాది వచ్చే ఠాకురాణి యాత్ర ఉంది. 2023లో అయింది, 2025లో అయింది, ఆ లెక్కన మళ్లీ 2027. బుఢి ఠాకురాణి అమ్మవారు తన గుడి వదిలి పుట్టింటికి, దేశిబెహెరా వీధికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్లు పట్టు నేసే దేరా వాళ్లు, మన తెలుగు మూలాలవాళ్లే. కూతురు పుట్టింటికొచ్చిన సంబరం కాబట్టి ముసలివాళ్లకి అందులో పెద్దపీట. పులి వేషాలు, రకరకాల వేషాలు, రాత్రిళ్లు వీధుల్లో ఘటాలు. మొదటి రోజుల్లో తీసుకెళ్లండి, చివరి రోజుల రద్దీలోకి వద్దు. నడిపించొద్దు. దారిలో తెలిసినవాళ్ల అరుగు మీద కుర్చీలు వేయించి కూర్చోబెట్టండి, అమ్మవారే అటుగా వస్తుంది. పోయినసారి మా గుంపులో ఎనభై దాటిన నేత పెద్దాయన ఒకరు మనవడి వీపు మీద పులి చారలు గీశారు. చెయ్యి వణుకుతోంది. చార వంకర పోయిందని మనవడు గునిశాడు. "అడవిలో పులికి మాత్రం స్కేలు పెట్టి గీశార్రా?" అన్నారాయన.

ఇంకొకటుంది, మన సరిహద్దువాళ్లకి మాత్రమే దక్కిన భాగ్యం. ఒడియావాళ్ల కార్తీకం ఆశ్వయుజ పున్నమి దాటగానే మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మన కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలై ఇంకో అమావాస్య దాకా ఉంటుంది. రెండూ కలిపితే నెలన్నర కార్తీకం! పున్నమి తెల్లవారుజామున వాళ్లు అరటిదొప్పలతో పడవలు చేసి దీపం, తాంబూలం పెట్టి నీళ్లలో వదులుతారు, బొయిత బందాణ అని. వెనకటి రోజుల్లో వర్తకానికి ఓడల్లో వెళ్లినవాళ్లని సాగనంపిన గుర్తు. ఇంచుమించు పదహారు రోజులకి మన పోలిపాడ్యమి, మళ్లీ అరటిదొప్పలు, మళ్లీ దీపాలు, మళ్లీ అదే చెరువు. మా వీధి ఆడవాళ్లు రెండిటికీ వెళ్తారు. పున్నమికి మేం వాళ్ల పడవలు కట్టిపెడతాం, పాడ్యమికి ఒడియా ఇళ్లవాళ్లు మా దొప్పల్లో వత్తులు వేస్తారు. నాలుగింటికి లేవడం ముసలివాళ్లకి కష్టం కాదు, ఎలాగూ నిద్ర పట్టదు. ఆ మెలకువకి ఒక పని దొరుకుతుంది, అంతే.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. భర్త పోయిన ఆడవాళ్లు మన ఇళ్లలో పండగ రోజున తమంతట తామే వెనక గదిలోకి వెళ్లిపోతారు. ఎవరూ పొమ్మనరు, ఎవరూ రమ్మనరు. మా వీధిలో ఒకావిడ అలాగే రెండేళ్లు. నేను ఓదార్పు మాటలు ఏవీ చెప్పలేదు. డబ్బుల సంచి తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. "మీరు లెక్క రాయాలి, నాకు కూడికలు రావు" అన్నాను. నిజంగానే రావు. డబ్బు ఆవిడ దగ్గరుంటే ఆవిడ రాకుండా ఏ ప్రయాణమూ కదలదు, ఏ పండగకీ పూలు రావు. మొదటి నెలలో ఏడ్చుకుంటూ లెక్క రాసిందిట. ఇప్పుడు ఐదు రూపాయలు తేడా వస్తే నన్ను నిలేస్తుంది.

అందుకే "పాజిటివ్‌గా ఉండండి నాన్నా" అని ఫోన్‌లో చెప్పకండి, దయచేసి. పొద్దున్నే పూల బొమ్మల మెసేజీలు కూడా వద్దు. ఆయనకి కాలం చేసిన స్నేహితులున్నారు, తగ్గిన చూపుంది, దూరాన ఉన్న కొడుకున్నాడు. దిగులు ఉండనివ్వండి. ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నారు" అని కాకుండా "మొన్న రంభలో పడవవాడు ఎంత తీసుకున్నాడు" అని అడిగి చూడండి. పావుగంట మాట్లాడతారు.

రైలు టికెట్ల గురించి రెండు ముక్కలు. పెద్దవాళ్లకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దాని మీద ఆశ పెట్టుకోకండి. కింది బెర్తు కోటా మాత్రం ఉంది, మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 దాటితే. కానీ ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటేనే. మీరు ప్రేమకొద్దీ ముగ్గురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా పోతుంది, నాన్నగారు పై బెర్తు చూసి వెనక్కి తిరుగుతారు. వాళ్లిద్దరికీ వేరుగా తీయండి. వాళ్లలో ఎవరికైనా 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకి. మీ నాన్నగారికి ఇప్పటికే వర్తిస్తుంది. మందులు రెండు చోట్ల పెట్టాలి, సగం సంచిలో, సగం జేబులో. మా వాళ్లలో ఒకాయన సంచి రైల్లో వదిలేసి దిగితే ఆ జేబులో ఉన్నవే ఆ రాత్రికి ఆదుకున్నాయి.

కాశీ కూడా వెళ్తారు. ఆరేడు చిన్న ప్రయాణాలయ్యాక ఆయనే అడుగుతారు. అడగకపోతే వదిలేయండి.

వచ్చే కార్తీకానికి మాకూ ఒక అవసరముంది. దొప్ప పగలకుండా అరటి బోదె వలిచే పెద్దాయన పోయిన ఏడాది కాలం చేశారు. కుర్రాళ్లు వలిస్తే పట్టలు చీలిపోతున్నాయి, నీళ్లలో పెట్టగానే ఒరుగుతున్నాయి. మీ నాన్నగారికి చెయ్యి తిరిగిందేమో అడిగి చూడండి. పున్నమి ముందురోజు సాయంత్రం చెరువు గట్టు మీద మా గుంపు కనిపిస్తుంది. కత్తిపీట మా దగ్గరుంది, చిన్న చాకు మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి.